టీ420 డాక్‌కి మూడో మానిటర్, స్పీకర్లలో మోత

థింక్‌ప్యాడ్ టీ420 లాప్‌టాప్‌ని డాక్‌లో (మానిటర్లు, స్పీకర్లు, ఛార్జర్ అన్నీ తగిలించుకునే స్టాండులో) పెడితే మూడో మానిటర్ వెలగట్లేదని, స్పీకర్లు గుయ్యిమంటున్నాయని అడిగారు కదండీ. డాక్ పాడైందని టెన్షన్ పడకండి. ఇంటెల్ గ్రాఫిక్స్ ఒక్కటే ఉన్న మోడల్‌లో ఒకేసారి రెండు తెరలే నడుస్తాయి. లాప్‌టాప్ సొంత తెర కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

మూడోదానికి డిస్‌ప్లేలింక్ చిప్ (యూఎస్‌బీ గుండా తెరకు బొమ్మ పంపేది) ఉన్న యూఎస్‌బీ అడాప్టర్ తీసుకోండి. మానిటర్ వైరును రెండుగా చీల్చే డీవీఐ స్ప్లిటర్ మాత్రం కొనకండి, అది ఒకే బొమ్మను రెండుచోట్ల చూపిస్తుంది, అంతే. టీ420లో ఉన్నవి యూఎస్‌బీ 2.0 పోర్టులే. అందుకే ఆ తెర మీద మెయిల్, ఎక్సెల్ హాయిగా నడిచినా వీడియో ఆగి ఆగి వస్తుంది. లాప్‌టాప్ పక్కనున్న ఎక్స్‌ప్రెస్‌కార్డ్ స్లాట్‌లో (అదనపు కార్డు దూర్చే సందులో) యూఎస్‌బీ 3.0 కార్డు వేస్తే చాలా నయం. కంప్యూటర్ సామాన్ల షాపులుండే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగి చూడండి. లాప్‌టాప్ వెంట తీసుకెళ్లి, అక్కడే పెట్టి చూశాకే డబ్బులివ్వండి.

ఇక మోత సంగతి. లాప్‌టాప్‌ను డాక్ నుంచి తీసి, బ్యాటరీ మీదే ఉంచి, స్పీకర్ పిన్ను నేరుగా దానికి గుచ్చండి. మోత ఆగిందంటే అది చాలావరకు ఎర్తింగ్ గొడవే. డాక్ ఛార్జర్‌నీ స్పీకర్లనీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి మార్చండి. అయినా పోకపోతే ఆడియో వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ (ఎర్తింగ్ వల్ల వచ్చే మోతను ఆపే చిన్న పరికరం) పెట్టండి. డిస్‌ప్లేపోర్ట్ (సౌండ్ కూడా మోసుకెళ్లే వైరు) మానిటర్ తగిలించగానే సౌండ్ అటు వెళ్లిపోతే, విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో మళ్లీ స్పీకర్లనే డిఫాల్ట్ చేసుకోండి.