బెంగళూరు దగ్గర కుక్కతో టెంట్ వేయాలంటే

అమెరికా నుంచి కుక్కతో సహా తిరిగొచ్చి బెంగళూరులో దిగిన తెలుగువాళ్లు చలికాలం రాగానే ఒక మాట అడుగుతుంటారు: "అక్కడ స్టేట్ పార్కులో సైట్ బుక్ చేసుకుని, ఆరడుగుల లీష్‌తో హాయిగా ఉండేవాళ్లం. ఇక్కడ అలాంటి చోటు ఎక్కడుంది?"

లేదండీ. నంబరు వేసిన సైటు, పక్కనే కుళాయి, కుక్కకూ అనుమతి ఉన్న ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్ కోసం ఇక్కడ వెతకొద్దు.

అడవి వైపు అసలు చూడకండి. బన్నేరుఘట్ట నేషనల్ పార్కులోకి, కావేరి అభయారణ్యంలోకి పెంపుడు కుక్కల్ని రానివ్వరు. ముత్తత్తి దగ్గర ఏటి ఒడ్డు ఎంత బాగున్నా అదీ అభయారణ్యమే, పైగా కావేరిలో మొసళ్లున్నాయి. సావనదుర్గ, రామనగర గుట్టల్లో చిరుతలు తిరుగుతాయి. మీది లాబ్రడార్ అయినా, హస్కీ అయినా చిరుతకు వేటే. అందుకే రాత్రిపూట టెంటు బయట కట్టేసి పడుకోకూడదు. లోపలే, మీ పక్కనే పడుకోబెట్టుకోవాలి. కనకపుర, తళి వైపు ఏనుగుల బెడద. కుక్క మొరిగి ఏనుగును రెచ్చగొట్టి, భయమేస్తే పరుగెత్తుకొచ్చేది మీ దగ్గరికే!

ఇక మిగిలింది రైతుల తోటలు. నన్నడిగితే చిక్కబళ్లాపుర, గౌరిబిదనూరు, బాగేపల్లి వైపు వెళ్లమంటాను. అక్కడి పల్లెల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. కన్నడ రాదన్న మొహమాటం లేకుండా, "అన్నా, రాత్రి మా కుక్క మొరిగితే ఏమన్నా అనుకుంటారా?" అని నేరుగా అడగొచ్చు. పెట్ ఫ్రెండ్లీ అని రాసి ఉందని బుక్ చేసేయకండి. ఫోన్ చేసి తోటకు కంచె ఉందా, వాళ్ల కుక్కల్ని రాత్రి కట్టేస్తారా, ఈ మధ్య చిరుత కనబడిందా, ఆ వారం ఊళ్లో జాతర ఉందా అని కనుక్కోండి. జాతర సంగతి తేలిగ్గా తీసుకోకండి. టపాసుల మోతకు బెదిరి పారిపోయిన కుక్కను చీకట్లో, తెలియని పొలాల్లో వెతకడం నరకం.

చిరుత ఎదురుపడకపోవచ్చు గానీ పిడుదులు మాత్రం వదలవు. వెళ్లేముందే వెట్‌ను అడిగి పిడుదుల మందు వేయించండి. వచ్చాక చెవుల్లో, వేళ్ల సందుల్లో, కాలర్ కింద వెతకండి. తర్వాతి వారాల్లో తిండి మానేసినా, జ్వరం వచ్చినా, చిగుళ్లు పాలిపోయినా టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల కుక్కకొచ్చే జ్వరం) పరీక్ష చేయించాలి. శివమొగ్గ, చిక్కమగళూరు అడవుల వైపైతే మనుషులకూ ముప్పే. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో బయటపడిన మంగన కాయిలె (కోతి జ్వరం) పిడుదుల వల్లే వస్తుంది. డిసెంబర్ నుంచి మే దాకా కేసులు ఎక్కువ. టెంట్ వేయడానికి బాగుండే చలికాలమూ అందులోదే, ఏం చేస్తాం! కుక్కను పట్టిన పిడుదులు మీ దుప్పట్లోకి వస్తాయి, కాబట్టి ఆ రోజుల్లో కుక్కతో అటు వెళ్లకపోవడమే మంచిది.

అమెరికాలో మూడేళ్ల రేబిస్ టీకా వేయించామని ధీమాగా ఉండకండి. ఇక్కడ వెట్లు సాధారణంగా ఏటా వేయిస్తారు. ఊరకుక్కలు ఎదురయ్యే చోటికి వెళ్తున్నారు కదా.

మొదటిసారి ఒక్క రాత్రికే, రెండు గంటల్లో ఇల్లు చేరేంత దూరమే వెళ్లండి. అర్ధరాత్రి దాటినా కుక్క కుదురుగా పడుకోకపోతే కారు వెనక సీట్లో దాని దుప్పటి పరిచి, మీలో ఒకరు అక్కడే పడుకోండి.