కోచ్‌ని తీసేసి వందల కోట్లు ఇచ్చే చోట మా అబ్బాయికి ఉద్యోగమా?

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ ఫైనాన్స్ చేస్తున్నాడు. అక్కడి అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్ అకౌంట్స్ ఆఫీసులో పార్ట్‌టైమ్ పని దొరికింది. ఇప్పుడు బ్యాంకులూ ఐటీ వద్దు, కాలేజీ స్పోర్ట్స్ ఫైనాన్స్‌లోనే ఉంటానంటున్నాడు. అక్కడే ఒక కోచ్‌ని తీసేసి ఏడున్నర కోట్ల డాలర్లు ఇచ్చారని చదివాను. డబ్బు అలా పారబోసే చోట భవిష్యత్తు ఉంటుందా? 38 లక్షల ఎడ్యుకేషన్ లోన్ ఉంది, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. - ఒక తండ్రి, ఖమ్మం

సార్, మీ టెన్షన్ నాకు అర్థమైంది. లోన్ సంగతి చివర్లో చెప్తాను, ముందు ఆ కోచ్ సంగతి చూద్దాం, ఎందుకంటే మీ అబ్బాయి ఉద్యోగం ఉండేది సరిగ్గా అక్కడే.

మీరు చదివింది టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ, జింబో ఫిషర్ వ్యవహారం. మనం కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదిది, అమెరికన్ ఫుట్‌బాల్. 2021లో ఆయన కాంట్రాక్టును 2031 దాకా పొడిగించారు, 2023 నవంబర్‌లో తీసేశారు. ఒప్పందం ప్రకారం 60 రోజుల్లోపు 1 కోటి 92 లక్షల డాలర్లు, ఆ తర్వాత 2031 వరకు ఏటా 72 లక్షల డాలర్లు ఇవ్వాలి. అంతా కలిపితే 7 కోట్ల 68 లక్షల డాలర్లు, అప్పటి రేటులో మన లెక్కన 600 కోట్లు దాటుతుంది.

మన క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో బాండ్ రాయించుకుంటారు కదా, రెండేళ్లలోపు మానేస్తే లక్షో రెండు లక్షలో కట్టాలని. బయౌట్ అంటే రెండు వైపులా ఉండే బాండ్ అనుకోండి. కోచ్ మధ్యలో వెళ్లిపోతే ఆయన కట్టాలి (చాలాసార్లు తీసుకునే కొత్త యూనివర్సిటీయే కడుతుంది), యూనివర్సిటీ పంపేస్తే అది కట్టాలి. కష్టమంతా రెండో దాంట్లోనే ఉంది.

ఇప్పుడు పెన్ స్టేట్ యూనివర్సిటీ చూడండి. 2025 అక్టోబర్‌లో కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేసినప్పుడు బయౌట్ దాదాపు 4 కోట్ల 90 లక్షల డాలర్లు అన్నారు. కానీ ఆయన కాంట్రాక్టులో మిటిగేషన్ అనే షరతు ఉంది, అంటే తీసేశాక ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి, అక్కడొచ్చే జీతం ఇక్కడి బాకీలోంచి తగ్గుతుంది. నెల తిరిగేసరికి ఆయన వర్జీనియా టెక్ యూనివర్సిటీలో చేరారు, పెన్ స్టేట్ 90 లక్షల డాలర్లతో సెటిల్ చేసుకుని బయటపడింది. ఫిషర్ కాంట్రాక్టులో ఆ షరతే లేదు. ఆయన రేపు ఇంకెక్కడ చేరినా ఏ అండ్ ఎం చెక్కు తగ్గదు. ఒక పేరా ఉంది, ఒక పేరా లేదు, తేడా కోట్ల డాలర్లు!

మూడో రకం కూడా ఉంది. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ 2023లో కోచ్ మెల్ టక్కర్‌ని ప్రవర్తనకు సంబంధించిన ఆరోపణల మీద 'ఫర్ కాజ్' (అంటే తప్పు ఆయనదే కాబట్టి) అని తొలగించి, మిగిలిన సుమారు 8 కోట్ల డాలర్లు ఇవ్వనంది. ఆయన ఆరోపణలను ఖండించి కోర్టుకెళ్లారు. అక్కడ గొడవంతా 'కాజ్' అన్న మాటకు ఏం అర్థం రాసుకున్నారన్న దాని మీదే.

కాబట్టి డబ్బు పారబోశారన్న మీ కోపం న్యాయమే, నాకూ ఉంది. కానీ సార్, ఆ కాంట్రాక్టుని సంతకం ముందు గట్టిగా చదివి, ఇది ఎనిమిదేళ్ల అప్పు, ఏ పద్దులోంచి కడతాం అని అడిగే మనిషి అక్కడ కావాలి. కోచ్‌ల తరఫున కూర్చునే ఏజెంట్లు ఇందులో తలపండినవాళ్లు. ఫిషర్‌కీ, ఎల్ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) వెళ్లిన కోచ్ లేన్ కిఫిన్‌కీ ఏజెంట్ ఒకరే, జిమ్మీ సెక్స్‌టన్. అటువైపు అంత బలం ఉన్నప్పుడు ఇటువైపు లెక్క తెలిసినవాళ్లు ఉండకపోతే ఎలా?

పైగా ఇప్పుడు అవసరం పెరిగింది. కాలేజీ ఆటగాళ్లు తమకూ డబ్బు రావాలని వేసిన హౌస్ కేసులో 2025 జూన్‌లో సెటిల్‌మెంట్ ఆమోదం పొందాక, యూనివర్సిటీలు ఆటగాళ్లకే నేరుగా డబ్బు పంచొచ్చు, 2025-26కి ఆ పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. టీవీ హక్కులు, టికెట్లు, దాతల విరాళాలు, ఇవీ ప్రధాన ఆదాయాలు. ఖర్చులు పోను మిగిలే యూనివర్సిటీలు చాలా తక్కువ, మిగతా చోట్ల విద్యార్థుల ఫీజుల్లోంచో యూనివర్సిటీ నిధుల్లోంచో సర్దుతారు. ఈత, టెన్నిస్, పరుగు పందేలు నడిచేది కూడా పెద్ద చోట్ల ఫుట్‌బాల్ డబ్బుతోనే, అందుకే ఒక తప్పుడు కాంట్రాక్టు ఎక్కడో ఈత కొట్టే అమ్మాయికి కూడా తగులుతుంది. ఇది నాకు బాధగా ఉంటుంది.

ఇక మీ ఇంటి సంగతి. కోచ్‌కి ఉన్న బయౌట్ అకౌంట్స్ ఆఫీసులో కూర్చునే కుర్రాడికి ఉండదు, బడ్జెట్ బిగిస్తే వాళ్లకి చెప్పే నోటీసు కూడా చిన్నదే. మొదటి జీతం ఐటీ కంటే బాగా తక్కువ ఉంటుంది, ఇది మీ అబ్బాయి మీతో నోరు తెరిచి చెప్పి ఉండడు. ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పని చేయడానికిచ్చే అనుమతి, 12 నెలలే, అందులో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ఎంఎస్ ఫైనాన్స్ కొన్ని యూనివర్సిటీల్లో స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కింద వస్తుంది, కొన్నిచోట్ల రాదు. వస్తే ఇంకో 24 నెలలు దొరుకుతాయి, అయితే ఉద్యోగమిచ్చే సంస్థ ఈ-వెరిఫైలో, అంటే ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో, ఉండాలి. ఒక మంచి సంగతి, యూనివర్సిటీ నేరుగా ఉద్యోగమిస్తే హెచ్-1బీకి లాటరీ ఉండదు. కానీ తర్వాత ప్రైవేటు కంపెనీకి మారాలంటే లాటరీలోకి వెళ్లాల్సిందే, రూల్సూ ఫీజులూ కూడా తరచూ మారుతున్నాయి, కాబట్టి ఆ మెట్టు దగ్గర ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా అడుగు వేయొద్దు.

నా సలహా, మాన్పించకండి. కానీ స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ అని ఇంకో డిగ్రీకి మాత్రం డబ్బు పెట్టొద్దు. ఫైనాన్స్‌లోనే ఉండి, అకౌంటింగ్ క్రెడిట్లు కలుపుకుని సీపీఏ (మన సీఏ లాంటిది) వైపు వెళ్లమనండి, రేపు ఈ రంగం వద్దనుకున్నా ఆ సీపీఏ ఎక్కడైనా పనికొస్తుంది. ఈ సెమిస్టర్‌లో ఒక పని చేయమనండి. మన ఆర్‌టీఐ లాంటి చట్టం టెక్సాస్‌లోనూ ఉంది, ప్రభుత్వ యూనివర్సిటీల కోచ్ కాంట్రాక్టులు అడిగి తెచ్చుకోవచ్చు. రెండు మూడు తెచ్చుకుని, తీసేస్తే ఏ ఏడు ఎంత కట్టాలో, మిటిగేషన్ ఉంటే ఎంత తగ్గుతుందో, నేటి విలువలో ఎంతవుతుందో ఎక్సెల్‌లో వేసి తన ఆఫీసు బాస్‌కి చూపించమనండి. ఇంటర్వ్యూలో రెజ్యూమే కంటే ఆ షీటే ఎక్కువ మాట్లాడుతుంది.

గడువు కూడా పెట్టుకోండి, ఇద్దరూ కలిసి. ఓపీటీ మొదలవడానికి రెండు నెలల ముందు వరకు ఈ రంగంలో ఫుల్‌టైమ్ ఆఫర్ చేతిలో లేకపోతే, బ్యాంకులూ ఆడిట్ కంపెనీలూ కూడా అప్లై చేయాలి. ఇది వాడి కలని కాదనడం కాదు, ఈఎంఐ తేదీ కోసం.

ఈసారి ఫోన్ చేసినప్పుడు ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన పత్రం) మీద సీఐపీ కోడ్, అంటే కోర్సుకిచ్చిన నంబరు, ఎంతని ఉందో అడిగి నాకు రాయండి. స్టెమ్ కిందకి వస్తుందో లేదో చూసి, మిగతా సంగతి చెప్తాను.