ఎక్స్‌రే నార్మలే, మరి మోకాలు ఎందుకు జారుతోంది? జవానుకు లిగమెంట్ దెబ్బ తగిలితే

అమ్మా, ఆర్మీలో ఉన్న మీ తమ్ముడు సంక్రాంతికి లీవ్‌లో వచ్చి, అమలాపురం దగ్గర కోతలైన చేలో కబడ్డీ ఆడుతూ పడ్డాడని రాశారు. మోకాల్లో టక్‌మని శబ్దం వచ్చి సాయంత్రానికల్లా వాచిపోయింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఇప్పుడు వాపు తీసి నడుస్తున్నాడు కాబట్టి పసరు కట్టు వేయిస్తే చాలని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఆపరేషన్ చేయించాలా, ఉద్యోగం ఏమవుతుందని మీ టెన్షన్.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఆర్మీ మెడికల్ కోర్‌లో ఆపరేషన్ రూమ్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాను. మా థియేటర్‌కి వచ్చిన లిగమెంట్ (ఎముకను ఎముకతో కలిపి ఉంచే పట్టీ) కేసుల్లో యుద్ధంలో తగిలినవి తక్కువ. వాలీబాల్ ఆడుతూనో, గోడ మీంచి దూకుతూనో, బీపీఈటీలో, అంటే జవాన్లకి పెట్టే ఫిట్‌నెస్ పరీక్షలో, తొమ్మిదడుగుల గొయ్యి దాటుతూనో తగిలినవే ఎక్కువ. పాదం నేలలో నిలిచిపోయి ఒళ్లు తిరిగిపోతే మోకాలి లోపల ముందువైపుకి ఉండే లిగమెంట్, అంటే ఏసీఎల్, తెగుతుంది. చేలో మోళ్ల మధ్య కాలు ఇరుక్కున్నా జరిగేది అదే.

శబ్దం వచ్చి కొద్ది గంటల్లోనే వాచిందంటే లోపల రక్తం చేరి ఉంటుంది. ఎక్స్‌రే ఎముకనే చూపిస్తుంది, లిగమెంట్‌ని చూపించదు. రోడ్డు మీద బాగానే నడవడం చూసి కూడా నమ్మకండి. రేవు మెట్లు దిగేటప్పుడో, గట్టు మీద గబుక్కున తిరిగినప్పుడో మోకాలు జారినట్టు ఉంటోందా అని అడగండి. అలా ఉంటే ఆర్థోపెడిక్ డాక్టరు చేత్తో చూడాల్సిందే.

ఆ పరీక్ష పేరు లాక్‌మన్ టెస్ట్. మోకాలు కొద్దిగా, 20-30 డిగ్రీలు వంచి, డాక్టరు ఒక చేత్తో తొడను గట్టిగా పట్టుకుని రెండో చేత్తో పిక్కను ముందుకు లాగుతారు. బాగున్న కాలు కొంచెం కదిలి ఠక్కున ఆగుతుంది. లిగమెంట్ తెగితే ఆ ఆగడం ఉండదు, మెత్తగా ముందుకు వచ్చేస్తుంది. అందుకే రెండు కాళ్లూ పోల్చి చూస్తారు. కొత్త దెబ్బలో నొప్పికి మనిషి తొడ బిగబడతాడు, పరీక్ష సరిగా తేలదు. వాపు తగ్గాక మళ్లీ చూడాలి. మత్తు ఇచ్చాక, కోత పెట్టకముందు, మా సర్జన్లు ఇంకోసారి లాగి చూసేవారు. వార్డులో బిగుసుకున్న కాలు అప్పుడు ఎంత వదులుగా వచ్చేదో! ఎంఆర్ఐ కూడా తీయించండి, మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్త) చిరిగిందో లేదో అందులో తెలుస్తుంది.

పసరు కట్టు వద్దమ్మా. పూర్తిగా తెగిన ఏసీఎల్ కట్టు కడితే అతకదు. కదపకుండా బిగిస్తే తొడ కండ కరిగి మోకాలు బిగుసుకుపోతుంది. లోపలి పక్క లిగమెంట్ ఒక్కటే తెగితే మాత్రం చాలావరకు బ్రేస్‌తోనే (మోకాలికి తొడిగే పట్టీతోనే) మానిపోతుంది.

ఏసీఎల్ తెగిన ప్రతివాళ్లకీ ఆపరేషన్ అక్కర్లేదు. కొట్లో కూర్చునేవాళ్లు ఫిజియోథెరపీతో నెట్టుకురావచ్చు. జవాను సంగతి వేరు. బరువు మోస్తూ పరుగెత్తాలి, దూకాలి, మలుపు తిరగాలి. మోకాలు జారిన ప్రతిసారీ మెనిస్కస్ చిరిగే ప్రమాదం ఉంటుంది. అందుకే నేనైతే ఆపరేషన్ వైపే మొగ్గుతాను. కానీ తొందరొద్దు. వాపు పోయి, కాలు పూర్తిగా చాపగలిగాకే చేయించాలి, లేకపోతే తర్వాత బిగుసుకుపోతుంది. మోకాలు వంగకుండా, చాపలేకుండా లాక్ అయిపోయినా, పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా మాత్రం ఒక్క పూట కూడా ఆగకండి.

ఆపరేషన్ ఆర్థ్రోస్కోపీతో, అంటే కీలులోకి సన్నటి కెమెరా పెట్టి, చిన్న కోతలతో చేస్తారు. మోకాలి కింద కోత పెట్టి తొడ వెనకనుంచి వచ్చే టెండన్‌ని (కండను ఎముకకు కలిపే తాడుని) బయటికి తీస్తారు. దానికంటిన కండను గీకి శుభ్రం చేసి, మడతలు వేసి కుట్టి, సుమారు 8 మిల్లీమీటర్ల మందం తెచ్చి, ఎముకల్లో తొలిచిన దారుల గుండా లాగి బటన్‌తోనో స్క్రూతోనో బిగిస్తారు. మోకాలి చిప్ప కింది టెండన్‌తోనూ చేస్తారు. అది గట్టిదే, కానీ కొందరికి మోకరిల్లితే నొప్పి ఉంటుంది. మోకాలి మీద కూర్చుని ఫైరింగ్ చేసేవాడు ఈ మాట సర్జన్‌ని ముందే అడగాలి.

అసలు జాగ్రత్త తర్వాత కావాలి. రెండు మూడు నెలలకి నొప్పి ఉండదు, మోకాలు బాగైపోయిందనిపిస్తుంది. కొత్త లిగమెంట్ బాగా బలహీనంగా ఉండేది సరిగ్గా ఆ రోజుల్లోనే. సిక్ లీవ్‌లో ఇంట్లో ఉంటే ఆటలకి పంపకండి. గెంతులు, మలుపులు ఉన్న ఆటలకి కనీసం 9 నెలలు ఆగాలి, ఒంటికాలి గెంతులో రెండు కాళ్లూ దాదాపు సమానంగా రావాలి.

ఇక ఉద్యోగం. దెబ్బ సంగతి దాచకుండా యూనిట్‌కి వెంటనే చెప్పమనండి. మనకి విశాఖలో నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి, సికింద్రాబాద్‌లో మిలిటరీ హాస్పిటల్ ఉన్నాయి. ఈసీహెచ్‌ఎస్ అనే వైద్య పథకం రిటైరైనవాళ్లది, అతనికి వర్తించదు. ఆపరేషన్ తర్వాత సాధారణంగా కొంతకాలం ‘లో మెడికల్ కేటగిరీ’లో (ఫిట్‌నెస్ తగ్గిందని రాసే తరగతిలో) పెట్టి, పరుగులు, బరువులు లేని డ్యూటీ ఇస్తారు. తర్వాత మెడికల్ బోర్డు మళ్లీ చూస్తుంది. కేటగిరీ పడితే ఇంటికి పంపేస్తారని ఊళ్లో అనుకుంటారు గానీ, పూర్తిగా కోలుకుని పాత కేటగిరీకి వెళ్లి, బీపీఈటీ పాసైన కుర్రాళ్లని నేను చూశాను. ఇక్కడి ఎక్స్‌రే, చీటీలు, దెబ్బ తగిలిన తేదీ, అన్నీ ఒక ఫైల్లో పెట్టి అతనితో పంపండి.