మందులకు లొంగని పుండుకు పసుపు, తేనె సరిపోతాయా?

షుగర్ ఉన్న మీ అమ్మకు కాలి పుండు రెండు రకాల యాంటీబయాటిక్స్ వాడినా మానలేదని, పసుపు, తేనె, వెల్లుల్లితో నయం చేసుకోవచ్చా అని అడిగారు. దయచేసి వాటి మీదే ఆధారపడి రోజులు గడపకండి. మేం అలాగే పదిహేను రోజులు పోగొట్టుకున్నాం.

మాది నర్సంపేట దగ్గర పల్లె. పసుపు తవ్వుతుంటే గడ్డపార మొన తగిలి బాపుకు మడమ పక్కన తెగింది. షుగర్ వల్ల నొప్పి పెద్దగా తెలియలేదు. గడ్డి చామంతి పసరు పిండి, పైన పసుపు ముద్ద పెట్టి కట్టాం. మా ఊళ్లో అందరూ చేసేదే. నాలుగు రోజులకు చీము పట్టింది. ఊళ్లో ఒకాయన ఇచ్చిన మాత్రలు మూడు రోజులు వేసుకుని, నయమనిపించగానే ఆపేశాడు. మళ్లీ వాచింది, ఈసారి వాసన కూడా.

వరంగల్ తీసుకెళ్తే డాక్టర్ ముందు ఆ పసుపంతా కడిగించారు. పుండు ఎంత లోతుకు పోయిందో మాకు అప్పుడే కనిపించింది. చీములో ఏ క్రిమి ఉందో ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ టెస్టుకు పంపితే మూడో రోజు రిపోర్టు వచ్చింది: ఎంఆర్‌ఎస్‌ఏ. అంటే మామూలు పెన్సిలిన్ రకం మందులకు చావని బ్యాక్టీరియా. ఆ రిపోర్టులో ఏ మందు పనిచేస్తుందో, ఏది చేయదో విడివిడిగా ఉంటుంది. దాన్ని చూసి మందు మార్చాకే బాపు కాలు దక్కింది.

తేనెలో బలం లేదనను. చక్కెర ఎక్కువ, నీరు తక్కువ, పులుపు గుణం. పైగా పుండు తడి తగిలితే అందులోని ఎంజైము కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేస్తుంది. ఇన్ఫెక్షన్ అదుపులోకి వచ్చాక బాపుకూ తేనె డ్రెస్సింగే వేశారు. కానీ అది గామా కిరణాలతో శుద్ధి చేసిన తేనె. ఏటూరునాగారం అడవి తేనె తినడానికి ఎంత మంచిదైనా, అందులో క్రిముల బీజాలు ఉండొచ్చు, పుండు మీద పోయకూడదు. పచ్చి వెల్లుల్లి చర్మాన్ని కాలుస్తుంది. పసుపులోని కర్క్యుమిన్ తింటే ఒంటికి పట్టేది చాలా తక్కువ. ల్యాబ్ పళ్లెంలో బ్యాక్టీరియాను చంపినదల్లా మనిషి కాలిలో చంపలేదు.

రేపే కల్చర్ టెస్టు అడగండి, వీలైతే కొత్త యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే. ఇంట్లో ఏం రాశారో దాచకుండా చెప్పండి. జ్వరం వచ్చినా, ఎరుపు పైకి పాకినా, వేలు నల్లబడినా రేపటిదాకా ఆగొద్దు, ఈ రాత్రే తీసుకెళ్లండి.