ఇంటి వెనక ఫైర్ స్టేషన్‌లో ట్రైనింగ్ టవర్: కన్జర్వేషన్ ఏరియా కాబట్టి ఆపగలమా?

ప్రశ్న: నమస్కారమండీ. మేము ఇంగ్లాండులో ఒక చిన్న పాత ఊళ్లో మూడేళ్ల క్రితం ఇల్లు కొనుక్కున్నాం. మా వీధంతా కన్జర్వేషన్ ఏరియా, అంటే పాత రూపాన్ని కాపాడాలని కౌన్సిల్ గుర్తించిన ప్రాంతం. ముందువైపు చెక్క కిటికీలు పాడైతే ప్లాస్టిక్‌వి వేసుకుంటామని అడిగాం, కౌన్సిల్ ఒప్పుకోలేదు. ఇప్పుడు మా పెరటి గోడ అవతల ఉన్న ఫైర్ స్టేషన్‌లో నాలుగంతస్తుల ట్రైనింగ్ టవర్, నిజంగా నిప్పు పెట్టి ప్రాక్టీసు చేసే గదులు కడతామని దరఖాస్తు పెట్టారు. 21 రోజుల్లో అభిప్రాయం చెప్పమని వీధి దీపం స్తంభానికి నోటీసు కట్టారు. మా బాబుకు ఆస్తమా ఉంది. మాకో రూలు, వాళ్లకో రూలా? ఈ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లందరి చేతా ఒకే ఉత్తరం పంపిద్దామనుకుంటున్నాను. కానీ మేమింకా వర్క్ వీసా మీదే ఉన్నాం. ఇలా రాస్తే రేపు ఐఎల్ఆర్‌కు (శాశ్వత నివాస అనుమతికి) ఇబ్బంది వస్తుందేమోనని మావారు టెన్షన్ పడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు వీసా భయం తీసేద్దాం. ప్లానింగ్ దరఖాస్తు మీద అభిప్రాయం చెప్పడానికి పౌరసత్వం అక్కర్లేదు, ఓటు అక్కర్లేదు, సొంత ఇల్లు కూడా అక్కర్లేదు. అద్దెకు ఉండేవాళ్లూ రాయవచ్చు. అది ప్రభుత్వం మీద ఫిర్యాదు కాదు. చట్టమే నోటీసు కట్టి మిమ్మల్ని అడుగుతున్న అభిప్రాయం. ఐఎల్ఆర్‌కు దానితో సంబంధం లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. మీరు రాసింది మీ పేరు, అడ్రసుతో సహా మామూలుగా కౌన్సిల్ వెబ్‌సైట్‌లో అందరికీ కనబడుతుంది. కాబట్టి బాబు ఆరోగ్య వివరాలు, డాక్టరు ఉత్తరం విడిగా ప్లానింగ్ ఆఫీసర్‌కు పంపి, బయట పెట్టవద్దని రాతపూర్వకంగా అడగండి.

మీకో రూలు, వాళ్లకో రూలు అన్న బాధ నాకు అర్థమైంది. కానీ చట్టం ఇద్దరికీ ఒకటే. మామూలుగా కన్జర్వేషన్ ఏరియాలో కూడా ఇంటి కిటికీ అదే తీరుగా మార్చుకోవడానికి అనుమతి అక్కర్లేదు. మిమ్మల్ని ఆపారంటే మీ వీధికి ఆర్టికల్ 4 డైరెక్షన్, అంటే ఇలాంటి మార్పులకూ అనుమతి తీసుకోవాలనే కౌన్సిల్ ఉత్తర్వు, ఉండి ఉంటుంది. ఫైర్ సర్వీసు వాళ్లు కట్టబోయేదానికీ 1990 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం కింద పూర్తి అనుమతి కావాల్సిందే. తేడా వచ్చేది ఆ తరువాత, మంచిచెడ్డలు తూచే దగ్గర. మీ ప్లాస్టిక్ కిటికీ వల్ల ఊరికి కలిగే మేలంటూ ఏమీ లేదు. అగ్నిమాపక సిబ్బందికి శిక్షణ ఇవ్వడం మాత్రం 2004 నాటి ఫైర్ అండ్ రెస్క్యూ సర్వీసెస్ చట్టం 7వ సెక్షన్ ప్రకారం వాళ్ల బాధ్యత. ఆ శిక్షణ లేకుండా పొగ నిండిన ఇంట్లోకి మనిషిని పంపకూడదు. మీ ఇంట్లో నిప్పంటుకున్నా మొదట వచ్చేది వాళ్లే. ఈ మాట మీ మనసులో పెట్టుకుని ఉత్తరం రాస్తే దాని స్వరమే మారుతుంది. చదివే ఆఫీసరుకు కూడా ఆ తేడా తెలుస్తుంది.

ఇక అసలు విషయం. ఈ రోజే కౌన్సిల్ వెబ్‌సైట్‌లో కన్జర్వేషన్ ఏరియా మ్యాపు తెరిచి, ఆ గీత ఎక్కడి నుంచి వెళ్తోందో చూడండి. మీ వీధి లోపల ఉందని మీకు తెలుసు. ఫైర్ స్టేషన్ స్థలం కూడా లోపలే ఉందా? చాలా ఊళ్లలో ఈ గీత పెరటి గోడల వెంబడే పోతుంది. స్టేషన్ లోపలుంటే 1990లోనే వచ్చిన లిస్టెడ్ బిల్డింగ్స్, కన్జర్వేషన్ ఏరియాల చట్టం 72వ సెక్షన్ నేరుగా వర్తిస్తుంది. ఆ ప్రాంతపు స్వభావాన్ని, రూపాన్ని కాపాడటం లేదా మెరుగుపరచడం మీద కౌన్సిల్ ప్రత్యేక శ్రద్ధ పెట్టి తీరాలి. స్టేషన్ బయట ఉంటే ఆ సెక్షన్ నేరుగా పనిచేయదు. అప్పుడు టవర్ లోపలి ప్రాంతపు పరిసరాలను ఎలా మారుస్తుందన్నది విధానపరమైన వాదన అవుతుంది. అది కూడా వాదనే, కానీ బలం కొంచెం తక్కువ. పక్కన లిస్టెడ్ భవనం (చరిత్ర విలువ ఉందని ప్రభుత్వ జాబితాలో చేర్చి చట్టం కాపాడే భవనం) ఏదైనా ఉంటే మాత్రం అదే చట్టం 66వ సెక్షన్ మీకు తోడొస్తుంది. గీత ఎటు ఉన్నా లిస్టెడ్ భవనం చుట్టుపక్కల దృశ్యాన్ని అది కాపాడుతుంది.

కన్జర్వేషన్ ఏరియా అంటే ఇక ఏమీ కట్టకూడదని కాదు. 1967లో సివిక్ ఎమెనిటీస్ చట్టం వచ్చి, లింకన్‌షైర్‌లోని స్టామ్‌ఫర్డ్ మొట్టమొదటి కన్జర్వేషన్ ఏరియా అయినప్పటి నుంచీ ఉద్దేశం ఊళ్లను బతికుండగా కాపాడటమే. 1992లో సౌత్ లేక్‌లాండ్ కేసులో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది కూడా ఇదే: కొత్త కట్టడం ప్రాంతపు స్వభావానికి హాని చేయకుండా ఉంటే చాలు, దాన్ని కాపాడినట్టే. హాని ఉందని తేలితే లెక్క మారుతుంది. 2014లో బార్న్‌వెల్ మేనర్ కేసులో, ఒక పాత కట్టడం దగ్గర గాలిమరల విషయంలో, కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఆ హానికి గణనీయమైన బరువు ఇచ్చి తీరాలంది. అది 66వ సెక్షన్ మీద తీర్పే అయినా 72కూ కోర్టులు అదే సూత్రం వాడుతున్నాయి.

మరి అటువైపు బరువు? జాతీయ ప్లానింగ్ విధాన పత్రం 2024 డిసెంబరు కూర్పు ఆస్పత్రులు, పోలీసు, ఫైర్ వంటి ప్రజాసేవల కొత్త కట్టడాలకు చెప్పుకోదగ్గ ప్రాధాన్యం ఇవ్వమంటోంది. అదే పత్రం వారసత్వ ప్రాంతాల పరిరక్షణకు గొప్ప ప్రాధాన్యం ఇవ్వమంటోంది, హాని స్వల్పమైనా ప్రజా ప్రయోజనంతో తూచి చూడమంటోంది. ఈ పత్రం తరచూ మారుతుంటుంది కాబట్టి మీరు రాసే రోజున అమల్లో ఉన్న కూర్పు చూసుకోండి. నిజాయితీగా చెప్పాలంటే, శిక్షణ అవసరమే లేదని వాదిస్తే మీరు ఓడిపోతారు. శిక్షణ అవసరమే, కానీ అది ఇక్కడే, ఈ ఎత్తులో, ఈ పద్ధతిలో జరగాలా అని అడిగితే కౌన్సిల్ జవాబు చెప్పక తప్పదు.

అలా అడగాలంటే దరఖాస్తులో ఏముందో తెలియాలి. ఇలాంటి దరఖాస్తుల్లో రెండు వేర్వేరు పనులు ఒకే పేరు కింద కలిసిపోతుంటాయి. ఒకటి నిచ్చెనలు, నీటి గొట్టాలు, శ్వాస పరికరాలతో డ్రిల్లు చేసే టవర్. ఇందులో నిప్పుండదు, యంత్రంతో పుట్టించే పొగ ఉంటే ఉండవచ్చు. ఇంగ్లాండులో పాత ఫైర్ స్టేషన్లకు ఇలాంటి టవర్లు, గొట్టాలు ఆరవేసే టవర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. కొన్ని ఇప్పుడు లిస్టెడ్ భవనాలు కూడా. రెండోది నిప్పు గదులు. వాటిలో కట్టె, చెక్క పలకలు కాలుస్తారా, గ్యాస్ మంట వాడతారా అన్నదే మీ బాబు విషయంలో అన్నిటికంటే ముఖ్యం. కట్టె పొగా, గ్యాస్ మంటా ఒకటి కాదు. పొగను వడకట్టే ఏర్పాటు ఉందా, ఏడాదికి ఎన్ని రోజులు కాలుస్తారు, ఏ గంటల్లో, ఫోమ్ వాడతారా, వాడిన నీళ్లు ఏ కాలువలోకి పోతాయి అన్నవి ఒక్కొక్కటీ వెతకండి. కాగితాల్లో లేకపోతే లేదనే రాయండి. గాలి నాణ్యత అంచనా నివేదిక లేకుండా నిప్పు గదులకు అనుమతి ఇవ్వవద్దని అడగడం పూర్తిగా న్యాయమైన అభ్యంతరం.

కాగితాల్లో హెరిటేజ్ స్టేట్‌మెంట్, అంటే ఈ కట్టడం వారసత్వం మీద చూపే ప్రభావం గురించి దరఖాస్తుదారు ఇచ్చే నివేదిక, కూడా ఉండాలి. దాని పక్కన కౌన్సిల్ సొంతంగా రాసిన కన్జర్వేషన్ ఏరియా అప్రైజల్ పెట్టుకుని చదవండి. ఏ వీధి మలుపు నుంచి ఏ చర్చి గోపురం కనబడాలో, ఏ పైకప్పుల వరస ముఖ్యమో అందులో ఉంటుంది. టవర్ ఆ దృశ్యానికి అడ్డొస్తే, "ఫలానా పేజీలో మీరే ముఖ్యమని రాసిన దృశ్యం ఇది" అని ఫొటోతో చూపించండి. పది పేజీల ఆవేశం కంటే ఆ ఒక్క ఫొటో ఎక్కువ పని చేస్తుంది. పెరట్లో చెట్లు కొట్టేస్తున్నారా, పాత షెడ్డు కూలుస్తున్నారా అన్నదీ చూడండి. 2013 నుంచి కన్జర్వేషన్ ఏరియా లోపల 115 ఘనపు మీటర్లు దాటిన భవనం కూల్చడానికి కూడా ప్లానింగ్ అనుమతే కావాలి.

వేరే చోట కట్టవచ్చు కదా అన్న వాదన అన్ని కేసుల్లో చెల్లదు. కానీ వారసత్వానికి హాని తేలినప్పుడు దానికి విలువ వస్తుంది. 2021లో స్టోన్‌హెంజ్ అనే పురాతన రాతి కట్టడం దగ్గర రోడ్డు సొరంగం అనుమతిని హైకోర్టు కొట్టేసిన కారణాల్లో, ప్రత్యామ్నాయాలను సరిగా పరిశీలించకపోవడం ఒకటి. మీ కౌంటీలో ఫైర్ సర్వీసుకు ఇప్పటికే నిప్పు శిక్షణ కేంద్రం ఉందేమో కనుక్కోండి. ఉంటే డ్రిల్ టవర్ ఇక్కడ, నిప్పు గదులు అక్కడ అని సూచించండి. నేనైతే మీ ఉత్తరంలో అసలు అభ్యర్థన ఇదే పెడతాను.

నిర్ణయం ఎవరిదో కూడా చూడండి. ఫైర్ అథారిటీ విడి సంస్థ అయితే మీ లోకల్ ప్లానింగ్ కౌన్సిల్ తేలుస్తుంది. కొన్ని కౌంటీల్లో ఫైర్ సర్వీసు కౌంటీ కౌన్సిల్‌లోనే ఒక విభాగం. అప్పుడు 1992 నాటి జనరల్ రెగ్యులేషన్స్ 3వ నిబంధన కింద ఆ కౌన్సిల్ తన దరఖాస్తును తానే పరిశీలించుకోవచ్చు. వినడానికి అన్యాయంగా ఉంటుంది, కానీ చట్టబద్ధమే. అయితే ఆ స్థలం నిర్వహణ చూసే ఆఫీసరు గానీ, కమిటీ గానీ ఈ నిర్ణయం తీసుకోకూడదని 10వ నిబంధన చెబుతుంది. ఆ రెండు పనుల మధ్య ఈ విభజన నిజంగా ఉందో లేదో అడిగి రికార్డులో పెట్టించండి.

అందరి చేతా ఒకే ఉత్తరం పంపించకండి. ఇది ఓటింగు కాదు. నలభై కాపీలు వచ్చినా వాటిలో వాదన ఒక్కటే. ఒకరు పొగ గురించి, ఒకరు శబ్దం గురించి, టవర్ మీద నుంచి పడకగది కనబడే ఇంటివాళ్లు దాని గురించి, ఎవరి మాటల్లో వాళ్లు రాయాలి. చాలా కౌన్సిళ్లలో కొన్ని అభ్యంతరాలు దాటితే, లేదా వార్డు కౌన్సిలర్ కోరితే, దరఖాస్తు ఆఫీసరు స్థాయిలో తేలిపోకుండా కమిటీకి వెళ్తుంది. అక్కడ మీరు మాట్లాడే వీలు కూడా ఉంటుంది. కౌన్సిలర్‌కు ఈ వారమే ఫోన్ చేయండి. ఇంటి ధర పడిపోతుందని మాత్రం రాయకండి. ప్లానింగ్‌లో దాన్ని లెక్కలోకి తీసుకోరు.

బాబు ఆస్తమా దీర్ఘకాలికమై, రోజువారీ జీవితాన్ని గట్టిగా ప్రభావితం చేస్తుంటే 2010 ఈక్వాలిటీ చట్టం కింద వైకల్యం కావచ్చు. అప్పుడు 149వ సెక్షన్ ప్రకారం కౌన్సిల్ ఆ విషయం ఆలోచించి తీరాలి. కౌన్సిల్‌లోని ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ ఆఫీసర్ అభిప్రాయం అడిగారో లేదో ప్లానింగ్ ఆఫీసర్‌ను అడగండి. గోడకు మీ ఇల్లు ఎన్ని మీటర్ల దూరమో కొలిచి రాయండి.

మీరు ఎంత బాగా రాసినా అనుమతి వచ్చే అవకాశం ఉంది, అందుకే షరతులు మీరే రాసివ్వండి. కట్టె కాల్చకూడదు, గ్యాస్ మాత్రమే. సాయంత్రం ఫలానా గంట తరువాత, ఆదివారాలు డ్రిల్లు వద్దు. ఏడాదికి నిప్పు శిక్షణ రోజులు ఇన్నే. ముందురోజు ఇరుగుపొరుగుకు కబురు. టవర్‌కు మెరవని ముదురు రంగు. షరతు కచ్చితంగా, అమలు చేయగలిగేలా ఉండాలి. "శబ్దం తక్కువగా ఉండాలి" అంటే ఎవరూ అమలు చేయలేరు, "ఏడున్నర తరువాత వద్దు" అంటే చేయగలరు. చిన్న ఊళ్లలో ఆన్‌కాల్ సిబ్బంది చాలాచోట్ల వారానికో సాయంత్రం డ్రిల్లు చేస్తారు, పగలు వాళ్లకు వేరే ఉద్యోగాలుంటాయి. ఆ సాయంత్రానికి వీలివ్వకుండా షరతు అడగకండి.

అనుమతి వచ్చాక పొరుగువాళ్లకు అప్పీలు హక్కు లేదు. కౌన్సిల్ చట్టం తప్పితే మాత్రం నిర్ణయం తేదీ నుంచి 6 వారాల్లో జ్యుడీషియల్ రివ్యూకు, అంటే నిర్ణయం చట్టప్రకారం జరిగిందో లేదో చూడమని కోర్టుకు, వెళ్లాలి. ఆర్హుస్ ఒప్పందం (పర్యావరణ విషయాల్లో ప్రజల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం) కిందికి వచ్చే కేసుల్లో, ఓడితే ఎదుటివాళ్లకు కట్టాల్సిన ఖర్చును ఒక వ్యక్తికి మామూలుగా 5,000 పౌండ్ల దగ్గర ఆపుతారు. మీ సొంత లాయరు ఫీజు దీనికి అదనం. నిర్ణయం నచ్చలేదన్నది కారణం కాదు కాబట్టి, వెళ్లేముందు కాగితాలన్నీ ఎవరికైనా చూపించండి.

కట్టాక పొగో, శబ్దమో భరించలేనంతగా ఉంటే దారి మూసుకుపోదు. ప్లానింగ్ అనుమతి ఉన్నంత మాత్రాన పొరుగువాళ్లకు ఇబ్బంది కలిగించే హక్కు రాదని 2014లో కొవెంట్రీ వర్సెస్ లారెన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తేదీ, గంట, గాలి ఎటు వీచింది, బాబు ఇన్‌హేలర్ ఎన్నిసార్లు వాడాడు అన్నవి నోట్‌బుక్‌లో రాస్తూ ఉండండి. షరతు తప్పితే కౌన్సిల్ ప్లానింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగానికి, షరతు తప్పకపోయినా ఇబ్బంది ఉంటే ఎన్విరాన్‌మెంటల్ హెల్త్‌కు ఆ నోట్‌బుక్ కాపీతో ఫిర్యాదు ఇవ్వండి.