తలుపు మూసిన వదినే ఇప్పుడు బతుకమ్మకు రమ్మంటోంది

ప్రశ్న: అక్కా, మాది హన్మకొండ. ఈ 2021 మే నెలలో నాకు, మా ఆయనకు కరోనా వచ్చింది. ఆయన తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చాడు. మా అత్తమ్మకు 68 ఏళ్లు, షుగర్ ఉంది. అప్పుడు జనగామలో ఆడబిడ్డ ఇంట్లో ఉండబట్టి తప్పించుకుంది. కోలుకున్న మూడు నెలలకు మేమిద్దరం టీకా మొదటి డోసు వేయించుకున్నాం, అత్తమ్మకు పోయిన వారమే రెండో డోసు అయింది. ఇప్పుడు లాక్‌డౌన్ లేదని మా ఆయన పెళ్లిళ్లకు పోతున్నాడు, నాలుగో తరగతి చదివే బాబును బడికి పంపుదామంటున్నాడు. నాకేమో గేటు దాటాలంటేనే గుండె దడ. రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఆయన వేలికి రోజుకు పదిసార్లు ఆక్సిమీటర్ పెడుతున్నా, కూరగాయలు, పాల ప్యాకెట్లు కడగాలని ఆయనతో రోజూ గొడవే. పన్నెండేళ్లు నాతో బతుకమ్మ ఆడిన పక్కింటి వదిన, మాకు జబ్బని తెలిసిన రోజే తలుపేసుకుంది. పాలబ్బాయిని కూడా మా ఇంటికి పోవద్దంది. ఇప్పుడేమీ జరగనట్టు ఈసారి కలిసి పేర్చుకుందామంటోంది. నేను రానంటే "ఇంకా భయమేనా" అని నవ్వుతున్నారు. తప్పు నాదేనా?

జవాబు: చెల్లీ, తప్పు నీది కాదు. ఆక్సిజన్ మీద ఉన్న మొగుడి కోసం తొమ్మిది రోజులు ఫోన్ పట్టుకుని కూర్చున్న మనిషికి, జూన్ 20న లాక్‌డౌన్ తీసేశారు కాబట్టి నువ్వూ ధైర్యంగా ఉండు అంటే ఉండగలదా? మీ ఇంట్లో అది ఇంకా నాలుగు నెలల కిందటి మాట.

కానీ నీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకొకటి అనిపించింది. జబ్బు గురించి రెండు ముక్కలు రాశావు, వదిన గురించి, పాలబ్బాయి గురించి మాత్రం కళ్లకు కట్టినట్టు రాశావు. నిన్ను గేటు దగ్గర ఆపుతున్నది కరోనా ఒక్కటే అనుకోవడం లేదు నేను. ఆ తలుపు చప్పుడు కూడా ఆపుతోంది. ఈ రెండింటినీ కలిపేసి మొత్తానికి భయం అని పేరు పెట్టుకున్నావు. విడదీసి చూద్దాం, ఎందుకంటే మొదటిదానికి మాస్కూ టీకా పనిచేస్తాయి, రెండోదానికి అవి చేసేదేం లేదు.

ముందు జబ్బు సంగతి. కోలుకున్న మూడు నెలలకు మీ ఇద్దరూ మొదటి డోసు వేయించుకున్నారని రాశావు, ఒకసారి జబ్బు వచ్చిపోయి పైన ఒక డోసు పడ్డవాళ్లకు మంచి రక్షణే ఉంటుంది, అయినా కోవిషీల్డ్ అయితే 84 రోజులకు రెండోది తప్పకుండా వేయించుకోండి. మీ అత్తమ్మకు జబ్బు రాలేదు, కాబట్టి ఆమె విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఆమెకు పోయిన వారమే రెండో డోసు అయిందన్నావు. అది బాగా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, అంటే అక్టోబరు 6న, బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల నాటికి ఆ గడువు దాటిపోతుంది. నీకు తెలియకుండానే మీ ఇంటి లెక్క పండుగకు సరిగ్గా కుదిరింది చెల్లీ.

ఇక ఎక్కడికి పోవచ్చు, ఎక్కడికి వద్దు అన్నది. ఈ జబ్బు ఎక్కువగా గాలి ఆడని చోట, మూసిన గదుల్లో, దగ్గర దగ్గరగా కూర్చుని మాట్లాడుకునే చోట అంటుకుంటుంది. కూరగాయలను ఉప్పునీళ్లలో నానబెట్టడం, పాల ప్యాకెట్లను సబ్బుతో కడగడం అంటూ మీ ఆయనతో రోజూ గొడవ పడుతున్నావు కదా, అది ఇవాళ్టి నుంచి మానెయ్. ఆ పట్టుదలంతా ఒక్క విషయంలో పెట్టు: తలుపులు మూసి ఏసీ వేసిన ఫంక్షన్ హాల్లో బంతిలో కూర్చుని భోంచేయొద్దని. పెళ్లికి పోనీ, మాస్కు తీయకుండా అక్షింతలేసి వచ్చేయమను. "అసలు పోవద్దు" అంటే వినడు, "తినకుండా రా" అంటే చాలామంది మగవాళ్లు గొణుక్కుంటూనైనా వింటారు. నువ్వు మాత్రం సాయంత్రం బాబును తీసుకుని భద్రకాళి చెరువు కట్ట మీద పది నిమిషాలు నడిచి రా. వారం రోజులు అంతే. దడ వస్తుంది, రానీ. వెంటనే వెనక్కి తిరగకుండా అక్కడే కాసేపు నిలబడితే అదే తగ్గుతుంది. రోజూ వెనక్కి తిరిగితేనే అది పెరుగుతుంది.

ఆక్సిమీటర్ ఆయన వేలికి రోజుకు పదిసార్లు పెడుతున్నావన్నది నాకు బాధేసింది. జ్వరమో ఆయాసమో వస్తే తీసి చూడు, ఆక్సిజన్ 94 కన్నా తగ్గితే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే. ఏమీ లేనప్పుడు అది బీరువాలో ఉండనీ. రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి పో. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

బాబు బడి గురించి తొందరేం లేదు. సెప్టెంబరు 1న బడులు తెరిచినా, పిల్లల్ని పంపాలని ఎవరినీ బలవంతం చేయొద్దని హైకోర్టే చెప్పింది. ఒకసారి పోయి తరగతి గది కిటికీలు తెరిచి ఉంటున్నాయో లేదో నీ కళ్లతో చూసి, అప్పుడు మీ ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకోండి.

ఇప్పుడు వదిన సంగతి. నీకొక నిజం చెప్తాను. ఆ మే నెలలో మా ఎదురింట్లో నలుగురికీ జబ్బు వచ్చింది. నేను రోజూ ఫోన్ చేశాను కానీ మూడో రోజు దాకా వాళ్లింటికి ఒక్క గిన్నె అన్నం పంపలేదు, ఆ మూడు రోజులు ఇప్పటికీ నా మెడ మీదే ఉన్నాయి. అందుకే మీ వదిన చెడ్డదని నేను అనలేను. భయపడింది. కానీ పాలబ్బాయిని ఆపడం వేరు. జబ్బు పడ్డ ఇంటికి పాలు రాకుండా చేయడం తప్పే, నీ కోపం న్యాయమైనదే. తొమ్మిది రోజుల పండుగలో ఆరో రోజు అలిగిన బతుకమ్మ అని మనం పేర్చకుండా, ఆడకుండా వదిలేస్తాం కదా. అమ్మవారి అలకకే ఒక రోజు ఇచ్చాం, నీ అలకకు నువ్వెందుకు ఇచ్చుకోవు? అలిగాను అని ఆమెకు తెలియనీ. ఆమె నవ్వుతూ "భయమేనా" అంటే నువ్వు భయం గురించి వాదించకు. పండుగకు ముందే ఆమెను మీ అరుగు మీద కూర్చోబెట్టి ఇంతే అను: "వదినా, నువ్వు రాకపోవడం అర్థం చేసుకున్నా. మా బాబు పాలు ఆపించావు చూడు, అది మరిచిపోలేకపోతున్నా." తరవాత ఏమీ అనకు. ఆమె ఏడ్వొచ్చు, కోపం తెచ్చుకోవచ్చు, అట్లా ఎప్పుడన్నాను అనొచ్చు. ఏమన్నా సరే, నీ మాట నువ్వు అన్నావు. ఆ తరవాత కలిసి ఆడాలా వద్దా అన్నది నీకే తెలుస్తుంది, ఎవరి కోసమో ఇవాళే చెప్పక్కర్లేదు.

ఆడాలనిపిస్తే మీ వాడకట్టులోనే, ఆరుబయట, పదిమందితో ఆడండి. చప్పట్లు కొడుతూ తిరిగే ఆట, పాటకు గొంతెత్తుతారు కాబట్టి మాస్కు ఉండనీ. మీ అత్తమ్మ కుర్చీ కొంచెం దూరంగా వేయి. సత్తుపిండి, మలీద అక్కడే చేతులు కలిపి తినకుండా ఎవరిది వాళ్లు డబ్బాలో ఇంటికి తీసుకుపోండి. ఎవరికైనా గొంతు నొప్పో జలుబో ఉంటే ఆ రోజు రాకూడదని, రానందుకు మిగతావాళ్లు ఒక్క మాటా అనకూడదని ముందే మాట్లాడుకోండి. పండుగ చివరి రోజు, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గర ఇసుకేస్తే రాలనంత జనం ఉంటారు, ఈ ఏడు అత్తమ్మను అటు తీసుకుపోకు. గునుగు, తంగేడు పూలకు మాత్రం పొద్దున్నే బాబును వెంటబెట్టుకుని నువ్వే పో, ఊరి బయట చేన్ల గట్ల మీద ఆ వేళకు మనుషులే ఉండరు.