చిప్ మార్చేముందు సిరంజిలో చూడండి

రక్తంలోంచి కణితి (క్యాన్సర్) కణాలను పట్టే మీ చిప్ గురించి రాశారు. బఫర్‌లో (ఉప్పు ద్రావణంలో) కలిపిన ఎంసీఎఫ్-7 కణాల్లో (ల్యాబ్‌లో పెంచే రొమ్ము క్యాన్సర్ కణాలు) 90 శాతం చిప్‌లో దొరుకుతున్నాయని, అవే రక్తంలో కలిపితే సగం కూడా రావడం లేదని చెప్పారు. డిజైన్ మార్చాలా అని అడిగారు. ఇప్పుడే మార్చకండి. సరిగ్గా ఇక్కడే నాకు నాలుగు నెలలు పోయాయి. చిప్‌లో కణాలను పట్టే సన్నటి పిల్లర్ల మధ్య సందు తగ్గించాను, ఫ్లో రేటు మార్చాను, రెండుసార్లు కొత్త మోల్డ్ చేయించాను. తప్పు చిప్‌లో లేనే లేదు.

ఒకరోజు రన్ అయ్యాక సిరంజి కడగబోతూ, లోపల మిగిలిన చుక్కను స్లైడ్ మీద వేసి చూశాను. ముందే ఆకుపచ్చ డై పట్టించి కలిపిన కణాలు గుంపులు గుంపులుగా అక్కడే మెరుస్తున్నాయి. కారణం తేలికగానే అర్థమైంది. బఫర్‌తో టెస్టు పది నిమిషాల్లో అయిపోతుంది. రక్తం గంటకు 1 మిల్లీలీటరు చొప్పున రెండు గంటలు నడుస్తుంది. పంపు మీద సిరంజి పడుకుని ఉంటుంది కాబట్టి ఈలోగా ఎర్రకణాలు కిందికి దిగి, పైన పసుపు చార తేలుతుంది. కణితి కణాలు ఎర్రకణాలకన్నా తేలిక, వాటితోపాటు దిగవు. చిప్‌లోకి వెళ్లేది మనం కలిపిన రక్తం కాదన్నమాట.

పంపును నిలబెట్టి సిరంజి మూతి కిందికి వచ్చేలా పెట్టాను. లోపల చిన్న అయస్కాంత పూస వేసి బయటి నుంచి మెల్లగా తిప్పాను. ట్యూబింగ్ వీలైనంత పొట్టిగా కోశాను. కణాలు అంటుకోకుండా సిరంజికి, ట్యూబుకి కూడా బీఎస్‌ఏ అనే ప్రొటీన్ పట్టించాను (అందరం చిప్‌కి పట్టించి వీటిని వదిలేస్తాం). చివర్లో బఫర్‌తో సిరంజి కడిగి ఆ నీళ్లనూ చిప్‌లోంచే పంపాను. అదే పాత చిప్‌తో రికవరీ (కలిపిన కణాల్లో తిరిగి దొరికినవి) 80 శాతం దాటింది.

మీ లెక్క కూడా ఒకసారి చూసుకోండి. పలచన చేసి 100 కణాలు కలిపామంటే, పైపెట్‌తో ఏ తప్పూ చేయకపోయినా అటూ ఇటూ 10 తేడా సహజం. 10 కలిపితే 3 తేడా. తక్కువ సంఖ్యలో కలిపేటప్పుడు మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటే ఎత్తి కలపడం మేలు. విసుగు పని, కానీ ఆ అంకెను నమ్మొచ్చు.

ఇంత పట్టింపు ఎందుకంటే, రోగి రక్తంలో ఒక మిల్లీలీటరుకు ఎర్రకణాలు దాదాపు 500 కోట్లు, తెల్లకణాలు లక్షల్లో ఉంటాయి. కణితి కణాలు చాలాసార్లు పది కూడా ఉండవు. వ్యాపించిన రొమ్ము క్యాన్సర్‌లో ఈ కణాలను లెక్కపెట్టే సెల్‌సెర్చ్ పరికరం 7.5 మిల్లీలీటర్ల రక్తంలో 5 కణాలను ప్రమాదపు గీతగా పెట్టుకుంటుంది. 6 ఉన్నచోట మీకు 3 దొరికితే ఆ మనిషి గీతకు కింద పడతారు. సిరంజిలో ఉండిపోయిన ఆ మూడు కణాల సంగతి రిపోర్టులో ఎవరికీ కనబడదు.

ఇంకో మాట. మీ చిప్ ఎప్‌క్యామ్ అనే, కణం పైన ఉండే ప్రొటీన్‌కు అంటుకునే యాంటీబాడీతో పట్టేదైతే ఎంసీఎఫ్-7 ఒక్కదానితో ఆగకండి. దాని మీద ఎప్‌క్యామ్ బోలెడంత ఉంటుంది, ఎలాంటి చిప్‌నైనా మంచిగానే చూపిస్తుంది. 2007లో వచ్చిన 78,000 స్తంభాల సీటీసీ (రక్తంలో తిరిగే కణితి కణాల) చిప్ పట్టేదీ ఎప్‌క్యామ్‌నే. రోగుల్లో కొన్ని కణాలు ఆ ప్రొటీన్‌ను తగ్గించుకుంటాయి. అందుకే ఎప్‌క్యామ్ తక్కువుండే ఎండీఏ-ఎంబీ-231 అనే మరో రొమ్ము క్యాన్సర్ కణాలతో కూడా నడపండి. సైజుతో వేరుచేసే చిప్ అయినా అంతే జాగ్రత్త కావాలి, రోగి కణాలు సెల్ లైన్ (ల్యాబ్‌లో పెంచిన) కణాలంత పెద్దవి కాకపోవచ్చు, కొన్ని తెల్లకణాల సైజులోనే ఉంటాయి.

రోగుల శాంపిల్స్ మొదలుపెట్టాక, రక్తం తీసేవాళ్లతో మీరే మాట్లాడి మొదటి ట్యూబును వేరే పరీక్షలకు ఇప్పించండి. సూది గుచ్చినప్పుడు చర్మపు ఎపిథీలియల్ కణాలు అందులోకి రావచ్చు, కణితి కణాలను గుర్తించడానికి వేసే సైటోకెరాటిన్ స్టెయిన్‌లో అవీ వెలుగుతాయి.

రేపటి రన్‌లో మాత్రం సిరంజిలో, ట్యూబులో, వేస్ట్‌లో (చిప్ దాటి బయటికి వచ్చిన ద్రవంలో), చిప్‌లో నాలుగు చోట్లా విడివిడిగా లెక్కపెట్టండి. నాలుగూ కలిపితే మీరు వేసినన్ని రావాలి.